సముద్ర మట్టానికి దించి చదవడం

జూన్ 9

అత్తయ్యా,

బంగాళాదుంపలు ఇక్కడ ఓ పట్టాన ఉడకవని నేను రాస్తే, ఆ ముక్క పట్టుకుని నాకు వంట రాదని భవనమంతా చాటింపు వేశావట. నాన్న రాశాడు. బిస్కెట్ పొట్లాలు ఉబ్బిపోతున్నాయని రాస్తే, పాడైపోయిన సరుకు అంటగట్టాడని మన వీధి చివర కొట్టతని మీదికి యుద్ధానికి వెళ్ళావట. సాయంత్రాలు ఇక్కడ చాలా నిశ్శబ్దంగా ఉంటాయని రాస్తే, పిల్ల ఒంటరిగా కూర్చుని ఏడుస్తోందని అమ్మ రెండు రోజులు అన్నం మానేసిందట. నా ఉత్తరంలో నేను రాసింది తప్ప మిగతావన్నీ చదువుతారు మీరు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

నాన్నకి రాస్తే నీకు చూపిస్తాడు. అమ్మకి రాస్తే నీకు చదివి వినిపిస్తుంది. పదకొండో అంతస్తులో బాబాయికి రాసినా అది లిఫ్టు దిగి నీ దగ్గరికే వస్తుంది. అందుకని ఈసారి సూటిగా నీకే రాస్తున్నాను. దయచేసి నెమ్మదిగా చదువు.

నేను పనిచేసే ఈ వాతావరణ కేంద్రం సముద్రానికి రెండు వేల మూడు వందల మీటర్ల ఎత్తున ఉంది. అటక మీద నువ్వు పేర్చిన పరుపుల దొంతర ఉంది కదా. అన్నిటికన్నా అడుగున ఉన్నది పైవాటి బరువంతా మోసి అట్టముక్కలా అణిగిపోయి ఉంటుంది. పైకి పోయేకొద్దీ పరుపులు పొంగుగా ఉంటాయి, మీద బరువు తక్కువ కాబట్టి. గాలి కూడా అంతే. కింద ఉన్నవాళ్ళ మీద ఆకాశమంత దొంతర. నా మీద దానిలో నాలుగింట మూడు వంతులే. బయట ఒత్తిడి తగ్గింది కాబట్టి పొట్లంలో మీ ఊరి గాలి ఒళ్ళు విరుచుకుంటుంది. నీళ్ళు కూడా పూర్తిగా వేడెక్కకముందే మరిగిపోతాయి, అందుకే దుంప ఉడకదు. ఇందులో కొట్టతని తప్పు లేదు, నా తప్పూ లేదు.

నా మాట నమ్మవని తెలుసు. అందుకే ఈ సరుకుల జీపులో ఒక బారోమీటరు పంపిస్తున్నాను. గాలి ఒత్తిడి చూపించే యంత్రం. కేంద్రంలో పాతదని పక్కన పడేస్తే మా ఆఫీసరు గారిని అడిగి తీసుకున్నాను. దాన్ని లిఫ్టులో పెట్టుకుని కింద నుంచి పద్నాలుగో అంతస్తు దాకా వెళ్ళు. ముల్లు నీ కళ్ళ ముందే కిందికి జారుతుంది.

ఇంకో సంగతి, అసలు సంగతి ఇదే. ఇక్కడికి పైన, నాలుగు వేల వంద మీటర్ల మీద, ఇంకో కేంద్రం ఉంది. అక్కడ రెండేళ్ళకి ఒక మనిషి కావాలట. నేను పేరిచ్చాను. ఆగస్టు ఆఖరుకి తేల్చేస్తారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఇంతకన్నా తేలికైన తెలుగులో ఎలా రాయాలో నాకు తెలీదు.

నీ మేనకోడలు,
తూనీగ

జూన్ 24

ఒసేయ్ తూనీగా,

నీ ఉత్తరం అందింది. యంత్రం కూడా అందింది, అద్దానికి ఒక మూల చిన్న పగులుంది, నీ ఆరోగ్యం ఎలా ఉందో దాన్ని చూస్తేనే తెలుస్తోంది. బంగాళాదుంప సన్నగా తరిగి మూత పెట్టవే, ఎందుకుడకదు?

సరే, నువ్వు చెప్పినట్టే చేశాను. నేను ఊరికే ఎవరి మాటా నమ్మే మనిషిని కానని నీకు తెలుసు, అలాగని కళ్ళతో చూసింది కాదనే మనిషినీ కాను. లిఫ్టు మళ్ళీ మొరాయించిందని మెకానిక్కు వచ్చి ఉన్నాడు. అతన్నీ వాచ్‌మన్‌నీ సాక్షులుగా పెట్టుకుని ఎక్కాను. కింద ముల్లు వెయ్యి పది దగ్గరుంది. ఏడో అంతస్తులో కదిలింది. మీ అమ్మ గుమ్మంలో నిలబడి "ఏమైంది వదినా" అంటే ఏమీ లేదు, లోపలికి పొమ్మన్నాను, ముందే కంగారుపెట్టడం దేనికని. పద్నాలుగులో దిగేసరికి వెయ్యి అయిదు! వాచ్‌మన్ ముక్కు మీద వేలేసుకున్నాడు. మెకానిక్కు మాత్రం "దీనికీ లిఫ్టుకీ సంబంధం లేదమ్మా" అని మూడు సార్లు అన్నాడు, ఎవరూ అడక్కుండానే. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

భవన సంఘం కార్యదర్శిగా ఇది దాచడం భావ్యం కాదని సాయంత్రం సమావేశం పెట్టాను. పై అంతస్తుల్లో గాలి తరిగిపోతోందని చెప్పేసరికి హాలు హాలంతా లేచింది. "మా ఫ్లోరు గాలి ఎవరు తిన్నట్టు?" అని పన్నెండో అంతస్తు దంతవైద్యురాలు. "పదిహేనేళ్ళ నుంచీ తలనొప్పి, ఇన్నాళ్ళకి కారణం దొరికింది" అని మీ బాబాయి. ఇక పద్నాలుగులో క్లారినెట్ వాయించే ఆయన ఉన్నాడు కదా, రోజూ పొద్దున్నే మొదలుపెడతాడు, అందరూ తిరిగి ఆయన వైపు చూశారు. పాపం ఆయన లేచి నిలబడి, "అమ్మా, నేను ఊదిన గాలి వాయిద్యంలో ఉండిపోదు, అటు పక్క నుంచి బయటికే వస్తుంది" అన్నాడు. దానికి మీ బాబాయి, "బయటికొచ్చేది శబ్దం కదండీ, గాలి ఎక్కడ?" అన్నాడు. ఓ గంట సేపు అందరూ దాని మీదే వాదించుకున్నారు.

చివరికి తీర్మానం ఏమిటంటే, పదో అంతస్తు నుంచి పైకి కిటికీలకి రబ్బరు పట్టీలు వేయించాలి. లిఫ్టు తలుపు తెరిచి ఉంచకూడదు, కిందికి దిగుతూ గాలి లాక్కొస్తుంది. క్లారినెట్ ఆయన తీగల వాయిద్యమేదైనా నేర్చుకుంటే బాగుంటుంది. నేను మాత్రం ఒక్క మాట అన్నాను: ఇన్నేళ్ళూ గ్రౌండ్ ఫ్లోరులో కూర్చుని మీ అందరి మీది గాలి బరువూ మోసిందాన్ని నేను, ఎవరన్నా ఒక్క రోజైనా ఎలా ఉన్నావని అడిగారా?

నీకు ఎత్తు మీద మోజుందని అర్థమైంది. నాకు ఆలోచించుకోనీ.

ఒంటి మీద స్వెట్టరు తియ్యకు.

అత్తయ్య

జులై 6

అత్తయ్యా,

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర చదివాను. మా ఆఫీసరు గారు నవ్వాపుకోలేక నీళ్ళు గొంతుకడ్డుపడి బయటికి పరిగెత్తారు. నాకు నవ్వు రాలేదు.

ఎవరూ ఎవరి గాలీ తినలేదు. లిఫ్టు గాలిని మోసుకురాదు. క్లారినెట్ ఆయన రోజంతా ఊదినా మీ ముల్లు వెంట్రుకంత కూడా కదలదు. ప్రతి ఎనిమిది మీటర్లకీ ఒక గీత చొప్పున ముల్లు పడుతుంది. లోకంలో ఏ భవనం ఎక్కినా పడుతుంది. ఆ పడటాన్ని రబ్బరు పట్టీలు ఆపలేవు. ఆయనకి క్షమాపణ చెప్పు. ఆ పట్టీలు పీకించెయ్, ఎండాకాలం వస్తే ఉడికి చస్తారు.

నీకు మొత్తం అర్థమయ్యేలా చెప్పి ఉంటే ఈ గొడవ ఉండేది కాదేమో, ఈసారి మొత్తం చెప్తాను. పొద్దున్నే లేచి యంత్రం చూస్తాను. ఏడు వందల అరవై అయిదు అనుకో. ఆ అంకె అలాగే కిందికి పంపితే పటం గీసేవాళ్ళకి పనికిరాదు. ముల్లు పడితే వానో తుపానో అని లెక్క కాబట్టి, కొండల మీదున్న ప్రతి ఊళ్ళోనూ పెద్ద తుపాను ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని మేం ఏం చేస్తామంటే, ఈ కేంద్రమే సముద్రం ఒడ్డున ఉండి ఉంటే ముల్లు ఎక్కడుండేదో లెక్కగట్టి, ఆ అంకె పంపిస్తాం. ఏడు వందల అరవై అయిదు కాస్తా వెయ్యి పన్నెండు అవుతుంది. దీన్ని సముద్ర మట్టానికి దించడం అంటారు. అప్పుడు కొండ మీద వాళ్ళనీ ఒడ్డున వాళ్ళనీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. రోజూ నేను చేసే పనిలో సగం ఇదే.

పై కేంద్రం సంగతి. ఇప్పటికి ఇద్దరం మిగిలాం, నేనూ ఇంకో అబ్బాయీ. పరీక్ష లేదు, సిఫార్సు లేదు. పనిలో మచ్చ లేకుండా ఉంటే చాలు. నాకు మచ్చ లేదు. పోయిన ఉత్తరంలో దీని గురించి ఒక పేరా రాశాను, నువ్వు జవాబుగా స్వెట్టరు అన్నావు. ఈసారి ఒక్క వాక్యమైనా రాయి. వద్దనే రాయి, ఫరవాలేదు. కానీ నేను రాసిందాని మీద రాయి.

తూనీగ

జులై 21

తల్లీ,

నీకు ముందు మంచి వార్త. క్లారినెట్ ఆయన ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. నేను పొమ్మనలేదు, ఆ మాట అందరి ముందూ చెప్పగలను. వీణ నేర్పే మనిషి ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని గుమ్మం దాకా వెళ్ళి చెప్పొచ్చాను, అంతే. దానికి ఆయన అంత చిన్నబుచ్చుకుంటాడని నాకేం తెలుసు? పెట్టె సర్దుకుని లిఫ్టు కూడా ఎక్కకుండా మెట్లన్నీ దిగిపోయాడు.

ఆయన పోయిన మర్నాడు ఏమైందో విను. గ్రౌండ్ ఫ్లోరులోనే ముల్లు వెయ్యికి పడిపోయింది. పోతూ పోతూ ఉన్నదంతా పట్టుకుపోయాడనుకుని గగ్గోలు. నాకు మాత్రం ఆ ముల్లు చూస్తుంటే ఒళ్ళంతా ఏదోలా అనిపించి, మేడ మీద ఆరేసిన బట్టలు తీసేయమని అందరికీ చెప్పించాను. దంతవైద్యురాలు తీయలేదు. సాయంత్రం కుండపోత! ఆవిడ దుప్పట్లు రెండు వీధులవతల దొరికాయి. అప్పట్నుంచి పొద్దున లేవగానే అందరూ నా గుమ్మం ముందు నిలబడి "ఇవాళ ఎలా ఉందండీ" అని అడుగుతున్నారు. నేను అద్దం మీద రెండు సార్లు వేలితో తట్టి చూసి చెప్తున్నాను. తట్టాలని నాకెవరూ చెప్పలేదు, అదే తోచింది.

అసలు మంచి వార్త ఇంకా రాయలేదు. నీ మనసులో మాట నాకు అర్థం కాలేదనుకుంటున్నావు కదూ? రెండుత్తరాల్లోనూ ఎత్తు, ఎత్తు అని ఒకటే గోల. అందుకని మీ నాన్నా నేనూ మాట్లాడుకుని ఆ పద్నాలుగో అంతస్తు ఇల్లు నీకోసం తీసేసుకున్నాం! ఈ వీధిలో అంతకన్నా ఎత్తు ఇంకేదీ లేదు. గోడకి లేతాకుపచ్చ రంగు వేయించాం. మీ నాన్న పుస్తకాలకి అరలు కొట్టాడు, రెండు వంకరగా వచ్చాయి, నువ్వేమీ అనకు. కిటికీలన్నిటికీ రెండు వరసల పట్టీలు, ఒక్క చుక్క గాలి బయటికి పోదు. నీకు ముల్లు పడటం చూడాలనిపిస్తే రోజూ లిఫ్టులో వచ్చి పోవచ్చు. ఇంట్లోనే ఉంటావు, ఎత్తు మీదా ఉంటావు. ఇంకేం కావాలే నీకు?

ఇప్పుడు బాధ కలిగించిన విషయం. యంత్రం ఏడు వందల అరవై అయిదు చూపిస్తే నువ్వు వెయ్యి పన్నెండు అని రాసి పంపిస్తున్నావని నీ చేతులతో నువ్వే రాశావు. నాకు ముల్లు అయిదు గీతలు తప్పితే భవనమంతా లేచింది, నువ్వు రెండొందల యాభై గీతలు కలుపుతున్నావు! పైవాళ్ళు బలవంతపెట్టి ఉంటారు, లేకపోతే మన పిల్ల అలాంటిది కాదు. రేపు ఎవరన్నా పట్టుకుంటే నీ గతేం కాను? తప్పు మనమే ముందు ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది. అందుకని మీ పెద్దాఫీసుకి నేనే రాసేశాను. సంఘం కాగితం మీద, స్టాంపు వేసి. "అమ్మాయి అంకెలు మార్చి పంపుతున్న మాట వాస్తవం, చిన్నది, తెలియక చేసింది, కేసు పెట్టకుండా ఇంటికి పంపించగలరు" అని మర్యాదగానే రాశాను.

నువ్వేమీ భయపడకు. అంతా నేను చూసుకుంటాను.

అత్తయ్య

ఆగస్టు 5

అత్తయ్యా,

నీ ఉత్తరం జీపు దిగడమూ, పెద్దాఫీసు తనిఖీ అధికారి అదే జీపు దిగడమూ ఒకేసారి జరిగింది. ముందు ఆయనకి మంచినీళ్ళిచ్చి, తరవాత నీ ఉత్తరం చదువుకున్నాను. ఆ వరస తిరగబడి ఉంటే ఆయనకి మంచినీళ్ళు ఎవరిచ్చేవారో తెలీదు.

ఆయన రొప్పుతూ బల్ల దగ్గర కూర్చుని, ఫైలు తెరిచి, "ఇక్కడ ఒత్తిడి నిజంగానే అంత తక్కువ ఉంటుందా? దానికి ఆధారం ఏమిటి?" అని అడిగారు. అడుగుతుండగానే ఆయన జేబులో సిరా పెన్ను కక్కడం మొదలుపెట్టింది. పెన్నులో మిగిలిన కింది గాలి ఇక్కడికొచ్చి వ్యాకోచించి సిరాని బయటికి తోసింది. తెల్లచొక్కా మీద నీలిమచ్చ అరచేయంత అయ్యేదాకా నేను చెప్పలేదు, ఆయన మాటకి అడ్డు తగలడం ఇష్టం లేక. "ఇదేనండీ ఆధారం" అన్నాను చివరికి. ఆయనకి నచ్చలేదు.

రెండు రోజులు ఉన్నారు. నేను చూసిన ప్రతి అంకెనీ, దించిన ప్రతి అంకెనీ మళ్ళీ లెక్క కట్టారు. ఒక్క తప్పు లేదు. అది ఆయన ఒప్పుకున్నారు. కానీ ఫిర్యాదు స్టాంపు ఉన్న కాగితం మీద వచ్చింది కాబట్టి, ఫిర్యాదు చేసిన మనిషే వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిస్తే తప్ప ఫైలు మూయలేమన్నారు. ఫైలు తెరిచి ఉన్నంతకాలం నా పేరు మీద మచ్చ ఉన్నట్టే. ఆగస్టు ముప్పై ఒకటిలోపు మూయకపోతే పై కేంద్రం ఆ అబ్బాయికి వెళ్ళిపోతుంది. అతను మంచివాడే. కానీ నాకు కావాల్సిందది.

అత్తయ్యా, ఒక్క వాక్యం. "నేను పొరబడ్డాను, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను." దానికి ముందు ఏమీ రాయకు. దాని తరవాత ఏమీ రాయకు. నన్ను మెచ్చుకోకు.

పద్నాలుగో అంతస్తు గురించి: నాకు ఎత్తైన ఇల్లు కావాలని నేను ఎప్పుడూ అనలేదు. నాన్న అరలు కొట్టాడని చదివి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది వేరే విషయం. దాన్ని దీనితో కలపకు.

తూనీగ

ఆగస్టు 16

బంగారూ,

నువ్వు అడిగితే నేను కాదంటానా? ఉత్తరం అందిన రోజే కూర్చుని రాసేద్దామనుకున్నాను. కానీ ఫిర్యాదు సంఘం కాగితం మీద వెళ్ళింది కదా, వెనక్కి తీసుకోవాలన్నా సంఘం ఒప్పుకోవాలి, నా ఇష్టమొచ్చినట్టు చేస్తే రేపు లెక్కలడుగుతారు. సమావేశం పెట్టాను. దంతవైద్యురాలు దుప్పట్ల కోపంతో వ్యతిరేకించింది. మీ బాబాయి తలనొప్పని రాలేదు. ఎలాగో నెగ్గించుకున్నాను.

నీ ఒక్క వాక్యం మరీ మొండిగా ఉందే. చదివినవాళ్ళు నేనేదో పిచ్చిదాన్ననుకోరూ? అందుకని కొంచెం మర్యాదగా దిద్దాను. "అమ్మాయి అంకెలు మార్చిన మాట నిజమే అయినా, కొండ మీద వాళ్ళు ఒడ్డున వాళ్ళ ముందు చిన్నబోకూడదన్న మంచి మనసుతోనే మార్చింది కనుక, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం. ఆమె ఇకమీదట మా భవనంలోనే ఉంటుంది కనుక ఇలాంటివి మళ్ళీ జరగవు." రిజిస్టరు పోస్టులో పంపాను. నీకు అడ్డంకులన్నీ తొలిగిపోయినట్టే.

ముప్పై ఒకటిన మీ నాన్న బండి మాట్లాడుకుని వస్తున్నాడు. పుస్తకాలు ముందు కట్టుకో, బట్టలు ఆఖర్న. ఇక్కడ నాకూ సాయం కావాలే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి ముల్లు చూసి రాసుకుంటున్నాను. పక్క వీధి వాళ్ళు కూడా అడగడానికొస్తున్నారు. నిన్న మబ్బు లేదు, ముల్లు దిగింది, వాన పడుతుందన్నాను, నవ్వారు. పడింది. చెప్పుకోకూడదు గానీ, ఆ ముల్లు మెల్లిగా దిగుతున్నప్పుడు ఎదురుగా కూర్చుని చూస్తుంటే, నాకు పిలిచినా పలకబుద్ధి కావడం లేదు. నీకు కూడా ఇలాగే ఉంటుందా?

వచ్చాక మాట్లాడుకుందాం.

అత్తయ్య

ఆగస్టు 27

అత్తయ్యా,

నీ రిజిస్టరు పోస్టు పెద్దాఫీసుకి చేరింది. అంకెలు మార్చిన మాట నిజమేనని ఫిర్యాదీ రెండోసారి కూడా ధ్రువీకరించారు కాబట్టి, నన్ను రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. కేంద్రాలన్నీ పెద్దాఫీసుకి లెక్కలు చెప్పే రేడియోలో అడిగారు. అంకెలు తప్ప ఇంకేదీ మాట్లాడని ఆ రేడియోలో, వాన లెక్కల మధ్యలో, నీ "మంచి మనసు" ముక్క చుట్టూ ఉన్న కొండలన్నిటి మీది కేంద్రాలూ విన్నాయి.

నేను కూడా రేడియోలోనే చెప్పాను. "అంకెలు మార్చాను. మార్చడమే నా ఉద్యోగం. మార్చకముందు అంకె, మార్చిన తరవాత అంకె, మార్చిన పద్ధతి మూడూ మీ దగ్గరే ఉన్నాయి. ఇంట్లో వాళ్ళ ఉత్తరానికి నేను జవాబుదారీ కాదు." గరగర మధ్యలోంచి ఆ తనిఖీ అధికారి గొంతే వచ్చింది. చొక్కా మచ్చ పోలేదని చెప్పి, ఫైలు మూసేస్తున్నామన్నారు. పై కేంద్రం నాదేనన్నారు. కాగితం నిన్న వచ్చింది. సంతకం పెట్టాను.

నువ్వు నా మీద ప్రేమతోనే ఇదంతా చేశావు. అది నాకు తెలుసు, దాని మీద ఎప్పుడూ అనుమానం లేదు. కానీ ఒకటి గమనించాను. నేను ఏది రాసినా, నేనే మీ పక్కన కూర్చుని ఉంటే ఆ మాటకి అర్థం ఏమై ఉండేదో లెక్కగట్టి, ఆ అర్థం చదువుకుంటున్నారు మీరు. దుంప ఉడకలేదంటే వంట రాదు. నిశ్శబ్దం అంటే ఏడుపు. ఎత్తు అంటే పద్నాలుగో అంతస్తు. మేం అంకెల్ని దించినట్టే మీరు నన్ను సముద్ర మట్టానికి దించి చదువుతున్నారు. మేం పటం కోసం దించుతాం, కానీ మొదటి అంకెని చెరిపెయ్యం.

పై కేంద్రంలో ఆ లెక్క లేదు. అంత ఎత్తు నుంచి దించితే తప్పులు వస్తాయని ముల్లు ఎక్కడుంటే అక్కడే రాసి పంపుతారు. ఆరు వందల పది అంటే ఆరు వందల పదే.

నువ్వు అడిగావు కదా, నీకు కూడా ఇలాగే ఉంటుందా అని. ఉంటుంది. సరిగ్గా అలాగే ఉంటుంది. అన్ని ఉత్తరాల్లోనూ జవాబు కోసం నువ్వు నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అది. అద్దం మీద తట్టడం కూడా సరైన పద్ధతే, ముల్లు ఎక్కడైనా పట్టేసుకుని ఉంటే వదులుతుంది. మాకు నేర్పడానికి ఒక పూట పట్టింది.

ఈ ఉత్తరం రేపటి జీపులో వస్తుంది, ముప్పైకల్లా నీ చేతిలో ఉంటుంది. నాన్నని బయల్దేరనివ్వకు. పద్నాలుగో అంతస్తు క్లారినెట్ ఆయనకి తిరిగి ఇచ్చెయ్, అరలతో సహా.

నేను ఇంటికి రావడం లేదు. సెప్టెంబరు ఒకటిన పై కేంద్రానికి వెళ్తున్నాను. రెండేళ్ళు అక్కడే ఉంటాను.

తూనీగ